గల్లాపెట్టెలో 9 వేలు, పుస్తకంలో 63 వేలు

జమా–ఖర్చు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షిక మొదలెట్టినప్పటి నుంచి నన్ను 'ఆడిటర్ గారూ' అని సంబోధిస్తూ ఉత్తరాలు వస్తున్నాయి. నేను ఆడిటర్ని కాను. నలభై రెండేళ్ళు రాజమండ్రిలో కొట్ల పద్దులు రాసిన గుమాస్తాని. ఆడిటర్ గారు సంతకం పెట్టే కాగితం వెనకాల కూర్చుని చెమటోడ్చినవాణ్ణి. కాబట్టి చట్టం ఎంత అవసరమో అంతే చెబుతాను, పుస్తకం సంగతి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను. ఈసారి నాలుగు ఉత్తరాలు. మొదటిదే సగం పేజీ తినేసింది, తప్పలేదు.

ప్రశ్న: అంకుల్ గారూ, నమస్తే అండి. మాది ఆత్రేయపురం పక్క ఊరు. రెండేళ్ళ నుంచి నేనూ మావారూ పూతరేకులు చుట్టి, ఫోన్ ఆర్డర్ల మీద హైదరాబాద్, బెంగుళూరు పంపుతున్నాం. రాజమండ్రిలో ఒక స్వీటు షాపుకి కూడా వేస్తాం. జనవరిలో పండగని నిద్ర మానుకుని చేశాం. 1,86,000 అమ్మాం. నెల మొదట్లో చేతిలోనూ బ్యాంకులోనూ కలిపి 21,000 ఉంటే నెలాఖరుకి 9,000 మిగిలింది. అంటే 12,000 నష్టమే కదండీ? మావారు ఇది మానేసి ఏదైనా కొట్లో పనికి కుదురుతానంటున్నారు. నోటుబుక్కు ఫోటోలు పంపుతున్నాను. పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఒక్క వారం ఆగమనండి.

ఫోటోలు చూశాను. 11వ తేదీ పేజీ మీద నెయ్యి మరక తప్ప ఎక్కడా కొట్టివేత లేదు. వచ్చింది 1,60,000. పోయింది 1,72,000. మొదటి నిల్వ 21,000కి కలిపి తీసేస్తే సరిగ్గా 9,000. పైసా తేడా లేదు. కొమ్ములు తిరిగిన షావుకార్ల దగ్గర కూడా ఇంత శుభ్రంగా నేను చూడలేదు. కానీ మీరు రాసింది రోకడ పుస్తకం. డబ్బు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అన్నదే దానికి తెలుసు. లాభం వచ్చిందా అని దాన్ని అడగకూడదు.

అందుకే ఆ రాత్రి మీకు ఫోన్ చేసి, మూలగదిలోకి వెళ్ళి ఏమున్నాయో లెక్కపెట్టమన్నాను. మీరు ఫోన్ చెవిన పెట్టుకునే లెక్కపెట్టారు. మూత తీయని నెయ్యి డబ్బాలు రెండు, ఒక్కోటి 9,600 పెట్టి కొన్నవి. అట్టపెట్టెలు కొన్నవాటిలో మూడింట రెండొంతులు అలాగే కట్టలు కట్టి ఉన్నాయి, అంటే 10,000. జీడిపప్పు, బాదం కలిపి 2,800. మొత్తం 32,000 రూపాయల సరుకు చీకట్లో కూర్చుని ఉంది. మీ నోటుబుక్కు దృష్టిలో ఆ సొమ్ము ఖర్చయిపోయింది. ఖర్చు కాలేదమ్మా, రూపం మారింది అంతే. సరుకుని ఎప్పుడూ కొన్న ధరకే కట్టాలి. అమ్మే ధర కడితే ఇంకా రాని లాభాన్ని ఇప్పుడే తినేసినట్టు. బజార్లో ధర పడిపోతే మాత్రం పడిన ధరే వెయ్యాలి.

ఇప్పుడు జనవరి పద్దు మళ్ళీ రాద్దాం. రేకులకి 36,000 ఇచ్చారు. రేకులు తీసే ఆడవాళ్ళకి ఇంకా 6,000 బాకీ ఉందని ఫోన్లో నోరు జారారు. ఇవ్వకపోయినా అది జనవరి ఖర్చే, కాబట్టి రేకులు 42,000. నెయ్యి అయిదు డబ్బాలు 48,000. బెల్లం, పంచదార 8,000. పప్పులు 12,000. అట్టపెట్టెలు 15,000. అంతా కలిపి 1,25,000. డిసెంబరు నుంచి మిగిలిన సరుకు సుమారు 10,000 అన్నారు, అదీ కలపండి. 1,35,000. అందులోంచి మూలగదిలోని 32,000 తీసేస్తే, జనవరిలో నిజంగా వాడింది 1,03,000.

చుట్టేవాళ్ళ కూలి 12,000, పార్శిళ్ళు, కరెంటు 5,000. బ్యాంకు వాయిదా అని 8,000 రాశారు చూడండి, అక్కడే పెద్ద తప్పు. ఆ ఎనిమిదిలో వడ్డీ 1,000. అది ఖర్చు. మిగిలిన 7,000 మీరు తెచ్చుకున్న అప్పు తిరిగి ఇచ్చుకోవడం. అప్పు తెచ్చిన రోజున దాన్ని లాభమని రాసుకోలేదు కదా, తీర్చిన రోజున ఖర్చని ఎలా రాస్తారు? అలాగే పిల్లాడి ఫీజు 12,000, ఇంట్లోకి 16,000. ఇవి వ్యాపారం ఖర్చులు కావు, వ్యాపారం నుంచి మీరు తీసుకున్నవి. కాలేజీ పుస్తకాల్లో 'సొంతవాడకాలు' అంటారు. మా షావుకారు 'ఇంటి పద్దు' అనేవాడు. వక్కపొడి కొన్నా ఆ పద్దులోకే వెళ్ళాలి.

ఒకటి మీరు అసలు రాయలేదు. ఫ్రిజ్జు, గ్రైండరు, సీలు వేసే మిషను, ర్యాకులు కలిపి రెండేళ్ళ కిందట 1,20,000 పెట్టారు. అయిదేళ్ళు పనిచేస్తాయనుకుంటే నెలకి 2,000 అరిగిపోతోంది. ఇది తరుగుదల. జేబులోంచి ఏమీ పోదు కాబట్టి రోకడలో కనపడదు, కానీ మిషను పాడైన రోజున ఒక్కసారే కనపడుతుంది. ఇన్‌కమ్ టాక్సు వాళ్ళ లెక్క వేరు, యంత్రాలకి తగ్గిన విలువ మీద ఏటా 15 శాతం కడతారు. మీరు ఇంట్లో చూసుకోవడానికి నా లెక్క చాలు.

మొత్తం ఖర్చు 1,23,000. అమ్మకం 1,86,000. లాభం 63,000 తల్లీ. నష్టం కాదు.

'మరి ఆ 63,000 ఏదండీ?' అని మీవారు అడుగుతారు. అడగాలి కూడా. స్వీటు షాపువాడు డిసెంబరు బాకీ 8,000 ఇచ్చి, జనవరి సరుకు 34,000కి మళ్ళీ బాకీ పడ్డాడు. అంటే 26,000 వాడి గల్లాపెట్టెలో పెరిగింది. మూలగదిలో సరుకు 22,000 పెరిగింది. అప్పు 7,000 తీరింది. ఇంట్లోకి 28,000. ఇవన్నీ 83,000. రేకులవాళ్ళకి ఇవ్వని 6,000, జేబు కదలని తరుగు 2,000 అందులోంచి తీసేస్తే 75,000. వచ్చిన లాభం 63,000, వెళ్ళిన దారులు 75,000. తేడా 12,000, అదే మీ గల్లాలో తగ్గింది. చూశారా, మీ లెక్కా సరైనదే, నా లెక్కా సరైనదే.

ఇంకొక్క కాగితం. జనవరి 31 రాత్రి వ్యాపారం దగ్గర ఏముంది? నగదు 9,000, స్వీటు షాపు బాకీ 34,000, సరుకు 32,000, అరిగినంత అరగ్గా మిగిలిన సామాను విలువ 72,000. కలిపి 1,47,000. ఎవరికి ఎంతివ్వాలి? బ్యాంకుకి 93,000, రేకులవాళ్ళకి 6,000. అవి పోగా మీ సొంతం 48,000. ఇదే ఆస్తి అప్పుల పట్టీ. జనవరి 1న ఇదే లెక్క కడితే మీ సొంతం 13,000. నెల తిరిగేసరికి ఇంట్లోకి 28,000 తీసుకుని కూడా 35,000 పెరిగింది. గల్లాపెట్టె మాత్రం తగ్గింది.

అలాగని సంబరపడొద్దు. ఈ 63,000లో మీ ఇద్దరి కూలీ లేదు. మీవారు బయట 15,000కి కుదరగలరు, మీరూ అంతే అనుకుందాం. ఆ ముప్ఫై పోతే వ్యాపారం నికరంగా ఇచ్చింది 33,000. అదీ పండగ నెలలో. ఆషాఢంలో ఇదే లెక్క కట్టి చూసి, అప్పుడు మానాలో వద్దో తేల్చుకోండి. పద్దులో సొంత కూలి ఖర్చుగా రాయకూడదు, మనసులో మాత్రం రాసుకోవాలి.

మీ అసలు జబ్బు స్వీటు షాపు. సరుకు వేసేటప్పుడే ఇన్ని రోజుల్లో ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి, దానికి రుసుము లేదు, ఎవరైనా రెండు వేలు అడిగితే వాళ్ళ జేబులోకే. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం మీలాంటి తయారీదారుకి కొన్నవాడు ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో సొమ్ము కట్టాలి. కట్టకపోతే వడ్డీ పడుతుంది. పైగా గడువు దాటిన బాకీని ఆ ఏడు తన ఖర్చుగా చూపించుకోనివ్వరు. షాపువాడితో తగువు పడమని కాదు. 'మా ఆడిటర్ గారు అడుగుతున్నారండి' అని ఒక్క మాట అనండి. ఈ అబద్ధానికి మాత్రం నా పేరు వాడుకోవచ్చు.

నోటుబుక్కు మానొద్దు. పక్కన ఇంకొకటి పెట్టండి. అందులో స్వీటు షాపుకి ఒక పేజీ, రేకులు తీసే ఒక్కొక్కరికీ ఒక పేజీ, బ్యాంకు అప్పుకి ఒకటి, ఇంటి పద్దుకి ఒకటి. ఇదే ఆవర్జా. నెలాఖరు రాత్రి మూలగది లెక్క దాని చివరి పేజీలో.

ప్రశ్న: సార్, మాది సిద్దిపేట దగ్గర కిరాణం దుకాణం. మా తమ్ముడు బీకాం చదువుతున్నడు, వాడే లెక్కలు రాస్తడు. బ్యాంకుల పైసలు వేస్తే వాడు 'డెబిట్' అని రాస్తున్నడు. బ్యాంకోళ్ళు మెసేజ్‌ల 'క్రెడిట్' అని పంపుతున్నరు. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరిదీ ఒప్పే. ఆ మెసేజ్ మీ పుస్తకం లోది కాదు, బ్యాంకు వాళ్ళ పుస్తకం లోది. మీరు వేసిన పైసలు వాళ్ళకి మీ దగ్గర పడ్డ అప్పు, కాబట్టి వాళ్ళు మీ ఖాతాకి క్రెడిట్ రాస్తారు. మీకు అదే సొమ్ము బ్యాంకు దగ్గరున్న ఆస్తి, కాబట్టి డెబిట్. మీ దగ్గర అరువు తీసుకున్న గిరాకీ తన డైరీలో ఏం రాసుకుంటాడో, మీరు అతని పేరు మీద ఏం రాస్తారో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి, అదే తమాషా.

నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి తమ్ముడి పుస్తకంతో వరసగా టిక్కులు పెట్టమనండి. దుకాణం క్యూఆర్ కోడు ఇంటి ఖాతాకి కలిపి ఉంటే ముందు అది విడదీయండి. చుట్టాలు పంపిన డబ్బులు, పప్పు అమ్మిన డబ్బులు ఒకే చోట పడితే ఏడాది చివర అమ్మకం ఎంతో చెప్పేవాడు ఉండడు. మీకది ముఖ్యం కూడా. సరుకు అమ్మేవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రాలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. పక్క రాష్ట్రంలో ఉన్న చుట్టాల మాట విని ధీమాగా కూర్చున్నవాళ్ళని చూశాను.

ప్రశ్న: తాతగారూ, తణుకులో ఎరువుల కొట్టులో కొత్తగా చేరాను. మా ఓనరు గారికి సాఫ్ట్‌వేర్ ఇష్టం లేదు, పుస్తకంలోనే రాయాలి. అంకణా కడితే, అంటే అన్ని ఖాతాల డెబిట్లూ క్రెడిట్లూ విడివిడిగా కూడి పోల్చి చూస్తే, 630 రూపాయలు తేడా వస్తోంది. మూడు రోజులైంది. అనామతు ఖాతాలో, అంటే తేడా దొరికేదాకా తాత్కాలికంగా ఉంచే ఖాతాలో, పడేయమని పాత గుమాస్తా గారు అంటున్నారు. పడేయనా?

జవాబు: బాబూ, ముందు 630ని తొమ్మిదితో భాగించు. 70, శేషం లేదు. అంటే ఎక్కడో అంకెలు తారుమారు అయ్యుండొచ్చు. 5,810 అనబోయి 5,180 రాసుంటావు. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. అక్కడ దొరక్కపోతే 630లో సగం 315 వెతుకు. కుడివైపు రాయాల్సింది ఎడమవైపు రాస్తే తేడా రెట్టింపు అవుతుంది. అదీ కాకపోతే అచ్చంగా 630 ఉన్న బిల్లు ఎక్కించడం మరిచావేమో చూడు. ఈ వరసలోనే వెళ్ళు. మొదటి పేజీ నుంచి మొత్తం మళ్ళీ కూడటం చివరి పని. చాలామంది అదే మొదట చేస్తారు, అందుకే మూడు రోజులవుతాయి.

అనామతు సంగతి నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బట్టల కొట్లో, 90 రూపాయల తేడా దొరక్క నేనూ అదే చేశాను. నాలుగు నెలలకి ఒక నేతగాడు వచ్చి తనకి రావాల్సిన దానిలో 90 తగ్గిందని షావుకారు ముందు నిలబడ్డాడు. 560 బదులు 470 ఎక్కించాను. 90 అని తొమ్మిదితో పోయే అంకె కళ్ళ ముందే ఉన్నా, ఇది తారుమారు తప్పు కాదు, పై వరస బిల్లు అంకె చూసి రాసేశాను. అంటే నేను ఇప్పుడు చెప్పిన చిట్కా కూడా అన్నిసార్లూ పనిచేయదు. షావుకారు ఏమీ అనలేదు. ఆ 90 నా జీతంలోంచి తీసి నేతగాడికి ఇప్పించి, పుస్తకంలో అనామతు ఖాతా నాచేతే మూయించాడు.

కాబట్టి నీ మటుకు నువ్వు, అనామతులో రాసినా పెన్సిల్‌తో పక్కన ఒక చుక్క పెట్టుకో, దొరికేదాకా దాన్ని మూసేసినట్టు అనుకోకు. ఇంకో మాట. అంకణా కుదిరిందంటే పుస్తకం సరిగ్గా ఉందని కాదు. కొట్టుకి కొత్త ఫ్యాను కొని మరమ్మతుల ఖాతాలో రాశావనుకో, రెండు వైపులా భేషుగ్గా కుదురుతుంది. లాభం మాత్రం ఫ్యాను ఖరీదంతా తగ్గిపోతుంది.

ప్రశ్న: అయ్యా, నాది మోటారు వైండింగ్ కొట్టు, పశ్చిమ గోదావరి. ఏడాదికి 14 లక్షల పని చేస్తాను. పుస్తకాలు అక్కర్లేదని, 8 శాతం లాభం చూపిస్తే చాలని ఏటా రిటర్ను వేయిస్తున్నాను. అసలు నెలకి 35,000 దాకా మిగులుతుంది. ఇప్పుడు 6 లక్షలు లోను కావాలి. బ్యాంకులో మూడేళ్ళ బ్యాలెన్స్ షీటు అడిగారు. ఒకాయన 5,000 ఇస్తే 4 లక్షల లాభం చూపించి చేసిస్తానంటున్నాడు. ఇప్పించనా?

జవాబు: వద్దు. కానీ ఎందుకు వద్దంటున్నానో విను, ఇందులో చిన్న మెలిక ఉంది.

44ఏడీ అని అందరికీ తెలిసిన ఆ అంచనా పద్ధతిలో నగదు వసూళ్ళ మీద 8 శాతం, ఫోన్లోనో చెక్కులోనో వచ్చినదాని మీద 6 శాతం అన్నది కనిష్ఠం. అంతకన్నా ఎక్కువ వస్తే ఎక్కువే చూపించాలి. 14 లక్షల మీద 8 శాతం అంటే 1,12,000. నీకు నిజంగా మిగిలేది నెలకి 35,000 చొప్పున 4,20,000. అంటే ఆ పెద్దమనిషి 5,000కి తయారుచేస్తానన్న 4 లక్షలు దాదాపు నిజం. అబద్ధం నువ్వు ఏటా వేస్తున్న రిటర్ను. బ్యాంకు మేనేజరు రెండూ పక్కపక్కన పెట్టగానే, నిజం రాసిన కాగితం దొంగ కాగితంలా కనిపిస్తుంది.

అసలు దాయాల్సిన అవసరమేముంది? 2025–26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. 4,20,000 నిజాయితీగా చూపించినా నీ జేబులోంచి రూపాయి పోదు. గడిచిన మూడేళ్ళకి ఇప్పుడు పుస్తకాలు పుట్టించకు. ఈ ఏడాది లెక్క సరిగ్గా రాసి, నిజం రిటర్ను వేసి, కొట్టు ఖాతా స్టేట్‌మెంటుతో కలిపి పట్టుకెళ్ళు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్లలో 5 లక్షల దాకా కిశోర్, ఆపైన 10 లక్షల దాకా తరుణ్ కింద వస్తాయి. 6 లక్షలే కావాలా, 5 సరిపోతుందా అని నువ్వూ ఆలోచించుకో. తరుణ్‌కి అడిగే కాగితాలు ఎక్కువ ఉండొచ్చు.

ఏం రాయాలని అడగలేదు కానీ చెబుతాను. వచ్చిన ప్రతి మోటారుకీ ఒక నంబరు, రైతు పేరు, హెచ్‌పీ, ఎన్ని కిలోల రాగి తీగ పట్టింది, కూలి ఎంత, ఇచ్చింది ఎంత, బాకీ ఎంత. ఒక్క వరస చాలు. రాగి కొన్న బిల్లులు ఒక తీగకి గుచ్చి ఉంచు. ఏటా మార్చి 31 సాయంత్రం మిగిలిన తీగ తూకం వెయ్యి.

తూకం అంటే గుర్తొచ్చింది. కాలిన మోటార్ల నుంచి ఊడదీసిన పాత రాగి ఉంటుంది కదా. కొట్టు వెనకాల బస్తాలో పోగేసి రెండు నెలలకోసారి పాత ఇనపకొట్టుకి వేస్తావు. అది ఏ పద్దులో రాస్తున్నావు? నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. వచ్చే ఉత్తరంలో ఆ బస్తా తూకం, కిలోకి ఎంత కట్టారో రాసి పంపు. 35,000 మిగులుతోందని నువ్వనుకుంటున్నావు, నాకెందుకో అంతకన్నా ఎక్కువే అనిపిస్తోంది.